వాడేవాళ్ళెవరూ లేరు

కొత్త కెర్నెల్ విడుదలైన రోజు, కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాళ్ళంతా ఇంటర్నెట్‌లో చేరే ఆ ఫోరంలోకి వెళ్తే పెళ్ళివారింట్లో అడుగుపెట్టినట్టే ఉంటుంది. ఒకడు తన లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఇన్నేళ్ళకు దారికొచ్చిందని మురిసిపోతుంటాడు. ఇంకొకడు నిన్నటిదాకా నిక్షేపంలా మోగిన స్పీకర్‌కి ఇవాళ గొంతు పెగలడం లేదని గోల పెడుతుంటాడు. మూడోవాడికి ఏ కష్టమూ ఉండదు, అయినా పాతదే బాగుండేదని ఒక నిట్టూర్పు విడిచి పోతాడు. కంప్యూటర్ లోపల కూర్చుని తెరతో, మీటలతో, ప్రింటర్‌తో, తగిలించిన ప్రతి సామానుతోనూ వ్యవహారం నడిపేది ఈ కెర్నెలే. ఒక్కో సామాను భాష తెలిసిన దుబాసీ ఒకడు దానికి కావాలి. ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు. అది లేకపోతే ఎంత మంచి సామానైనా బల్లమీద బరువే.

ఆ ఫోరంలో అత్తయ్య అని ఒకావిడ ఉంది. ఆ పేరు ఆవిడ పెట్టుకున్నది కాదు. పాత జవాబులు చదవకుండా వచ్చి అడిగిందే అడిగేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. "బాబూ, ఇదే ప్రశ్న పోయినవారం ఇంకో మహానుభావుడు అడిగాడు. కాస్త పైకి వెళ్ళి చదువుకుని రా. అప్పటికీ బుర్రకెక్కకపోతే అప్పుడు చెప్తాను," అంటుంది. అని ఊరుకోదు, ఓపిగ్గా చెప్తుంది కూడా. ఏ సౌండ్ కార్డు మొండికేస్తుందో, ఏ ప్రింటర్‌ని ఎలా బుజ్జగించాలో ఆవిడకి కొట్టిన పిండి. అలా చీవాట్లు తిన్నవాడెవడో "సరే అత్తయ్యా" అన్నాడు. అదే ఖాయమైపోయింది. మనమూ అలాగే పిలుద్దాం.

అత్తయ్యకి చూపు లేదు. చిన్నతనంలో వచ్చిన ఒక పాడు జ్వరం పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది. ఈ సంగతి ఫోరంలో ఆవిడ దాచనూ లేదు, చాటనూ లేదు. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కీబోర్డుకి ముందు స్కేలు కన్నా కాస్త వెడల్పుగా ఉండే పలక ఒకటి పెట్టుకుంటుంది. తెరమీద ఏ వరుస ఉంటే ఆ వరుస ఆ పలకమీద బ్రెయిలీ చుక్కలై లేస్తుంది. ఆవిడ చూపుడువేళ్ళు రెండూ దానిమీద చకచకా నడుస్తాయి. చదవడం అయిందని పలకకున్న మీట నొక్కితే ఆ చుక్కలు దిగిపోయి తర్వాతి వరుస లేస్తుంది.

ఆవిడ ఉద్యోగమూ ఆ పలకమీదే. బడి పుస్తకాలు వేసే ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతుంది. అందులోనూ లెక్కల పుస్తకాలు ఆవిడ వాటా. పుస్తకం చివర జవాబుల పేజీలు చూపున్నవాళ్ళకి నిద్ర తెప్పిస్తాయి. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయకపోయినా, దశాంశ బిందువు జారిపోయినా కళ్ళు పోనీలే అని ముందుకు పోతాయి. వేళ్ళకి ఆ మొహమాటం లేదు. చుక్క తగలాలి, తగలకపోతే తప్పే. ప్రెస్‌లో ఆవిడ గదికి కిటికీ లేదు. ఎవరో పాపం అని జాలిపడితే, "నాకు కిటికీ ఎందుకండీ, ఆ గోడకి ఇంకో బీరువా పెట్టించండి," అంది.

ఇంట్లో ముందుగది భర్త దర్జీ కొట్టు, వెనకగది అత్తయ్యది. మధ్యలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కుట్టుమిషన్ ఆగితే ఆయన ఏదో ఆలోచిస్తున్నాడని ఆవిడకి తెలుసు. మీటల చప్పుడు ఆగితే ఆవిడకి కోపం వచ్చిందని ఆయనకి తెలుసు.

ఆ పలక తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అయినా అత్తయ్య దగ్గర రెండు పలకలు ఉండేవి. ఒకటి తనది. రెండోది టీచరమ్మది. చూపు పోయిన పిల్ల మంచం దిగనని మొండికేస్తే రోజూ ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, వేలు పట్టుకుని చుక్కలు నేర్పిన మనిషి ఆవిడ. ఆవిడ పోయాక వాళ్ళ వాళ్ళు ఆ పలక తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టారు. దానికి భర్త మందపాటి గుడ్డతో సంచీ కుట్టాడు. అత్తయ్య అప్పుడప్పుడూ దాన్ని బయటికి తీసేది. పనుండి కాదు, ఊరికే. మధ్య మీట అంచు టీచరమ్మ బొటనవేలికి అరిగిపోయి నున్నగా ఉండేది. అక్కడ తన వేలు పెట్టి కాసేపు కూర్చునేది.

కొన్నేళ్ళ కిందట ఒక రిలీజ్‌లో ఆ పలకకి మాట పడిపోయింది. అత్తయ్య ఫోరంలో అడిగితే పెద్ద పెద్ద వాళ్ళంతా తలలు గోక్కున్నారు. ఒకాయన మాత్రం విడిగా ఉత్తరం రాశాడు. ఆయన ప్రోగ్రామర్, కెర్నెల్ లోతులు తెలిసినవాడు. 'దీనికి కొత్తగా డ్రైవర్ రాయాలి. నేను రాస్తాను. కాని పలక చేతిలో లేకుండా రాయలేను. అదనంగా ఒకటి ఉంటే పంపగలరా,' అని అడిగాడు. అత్తయ్య రెండు రోజులు ఆలోచించి, టీచరమ్మ పలకని సంచీతో సహా కట్టి ఆయనకి పంపింది.

"ముక్కూ మొహం తెలియనివాడికి టీచరమ్మ పలక పంపిస్తావా?" అన్నాడు భర్త.

"నాకు ఎవరి ముక్కూ మొహం తెలుసు? నీదీ తెలియదు. నిన్ను చేసుకోలేదా?" అంది అత్తయ్య. ఆయన వెళ్ళి మిషన్ తొక్కుకున్నాడు.

ఆ మనిషి మాట నిలబెట్టుకున్నాడు, కాదనకూడదు. డ్రైవర్ రాశాడు. పలకమీద చుక్కలు మళ్ళీ లేచిన రోజు అత్తయ్య ఆయనకి ఫోన్ చేసి ఏడ్చింది. "మిమ్మల్ని అన్నయ్యా అని పిలవచ్చా?" అని అడిగింది. "పిలువమ్మా, నాకూ చెల్లెలు లేదు. మీరు గీరు అనకు మరి," అన్నాడు ఆయన. ఆవిడకీ తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ రోజు నుంచి అన్నయ్యే.

ఇక్కడ ఆ లోకం పద్ధతి కొంచెం చెప్పాలి. కెర్నెల్‌లో ప్రతి డ్రైవర్‌కీ ఒక బాధ్యుడు ఉంటాడు. ఈ పలక డ్రైవర్‌కి అన్నయ్యే బాధ్యుడు. అసలు రిలీజ్‌కి ముందు ప్రయోగం కోసం కొన్ని వదులుతారు. సామాను దగ్గరున్నవాళ్ళు వాటిని పెట్టుకుని చూసి, అందరూ చదివే మెయిలింగ్ లిస్టులో 'పరీక్షించాను, పనిచేస్తోంది' అని రాస్తారు. అలా రాసినవాళ్ళ పేరు ఆ మార్పు కింద శాశ్వతంగా ఉండిపోతుంది. అక్కడ జీతమైనా బహుమానమైనా అదే. ఎవరూ రాయని డ్రైవర్ ఉంటే, 'దీన్ని ఎవరైనా వాడుతున్నారా' అని అడుగుతారు. ఎవరూ పలక్కపోతే తీసి పక్కన పడేస్తారు. పలకనివాళ్ళు అక్కడ లేనట్టే లెక్క.

అత్తయ్య ఏ ప్రయోగాన్నీ వదిలేది కాదు. ఆదివారాలు వెనకగదిలో కూర్చుని ఒక్కో మీటా నొక్కి, ఒక్కో చుక్కా తడిమి చూసేది. మూడో అక్షరం గడిలో చుక్క ఆలస్యంగా లేస్తోందనో, మీట రెండుసార్లు పలుకుతోందనో కనిపెట్టి రాసేది. అయితే లిస్టుకి కాదు, అన్నయ్యకి. మొదట్లో లిస్టుకే రాయబోతే ఆయనే ఆపాడు. "అక్కడివాళ్ళ నోళ్ళు మంచివి కావమ్మా. అక్షరం అటూ ఇటూ అయితే పీకి పందిరేస్తారు. నీకెందుకా తలనొప్పి? నాకు రాయి. నేను వేస్తాగా," అన్నాడు. అన్నయ్య అంటే ఇలా ఉండాలి అనుకుంది అత్తయ్య. పైకి వెళ్ళి చదువుకుని రా అని ఫోరం మొత్తాన్ని తరిమే మనిషి, తాను మాత్రం ఆ లిస్టులోకి ఒక్కసారీ వెళ్ళి చదవలేదు. నమ్మినచోట తనిఖీ ఏమిటి అనుకుంది. తెలివైనవాళ్ళు చేసే తెలివితక్కువ పనులు ఇలాగే ఉంటాయి.

ఈసారి ప్రయోగాలు వచ్చేసరికి ప్రెస్‌లో పుస్తకాల పని మెడమీదికొచ్చింది. ఆదివారాలు కూడా వెళ్ళాల్సి వచ్చింది. 'అన్నయ్యా, ఈ ఒక్కసారికి నావల్ల కాదు. నువ్వే చూసుకో,' అని రాసింది. 'ఏం ఫర్వాలేదమ్మా. నేను చూసుకుంటాను. నువ్వు ఒళ్ళు జాగ్రత్త,' అని ఆయన జవాబిచ్చాడు. ఆ ఒళ్ళు జాగ్రత్త అన్న మాట ఆవిడ భర్తకి కూడా చదివి వినిపించింది.

రిలీజ్ వచ్చింది. అది సెలవురోజు మధ్యాహ్నం. ఫోరంలో టచ్‌ప్యాడ్ కబుర్లూ స్పీకర్ ఏడుపులూ చదువుతూ నవ్వుకుంటూ అత్తయ్య తన కంప్యూటర్‌లోకి కొత్త కెర్నెల్ ఎక్కించింది. మెషిన్ ఆగి మళ్ళీ లేచింది. వేళ్ళు పలకమీద పెట్టింది. ఏమీ తగల్లేదు. గచ్చు తడిమినట్టు చదునుగా ఉంది.

వైరు ఊడిందేమో చూసింది. బాగానే ఉంది. తీసి పెట్టింది. మళ్ళీ ఆపి లేపింది. ఊహూఁ. పాత కెర్నెల్‌తో లేపితే చుక్కలు గబగబా లేచి వేళ్ళకి తగిలాయి. పలకకి రోగం లేదు, కొత్త కెర్నెల్‌లోనే ఏదో పొరపాటు జరిగింది అనుకుంది. అన్నయ్యకి ఉత్తరం రాసింది. ఎప్పుడూ గంటలో జవాబిచ్చేవాడు, సాయంత్రమైనా ఉలుకూ పలుకూ లేదు. ఊళ్ళో లేడేమో అనుకుని ఫోరంలో అడిగింది.

ఫోరంలో ఒకడున్నాడు, అందరూ నసగాడు అంటారు. ఏ విషయమైనా మొదలుదాకా తవ్వితే గానీ వాడికి తిండి సయించదు. అత్తయ్య చేత ఎక్కువ చీవాట్లు తిన్న రికార్డు వాడిదే. వాడే వెతికి రాశాడు.

'అత్తయ్యా, ఇది పొరపాటు కాదు. ఆ డ్రైవర్ తీసేశారు.'

'ఎవరు తీశారు?' అని రాసింది.

'బాధ్యుడే. కారణం కూడా రాశాడు. ఈ పరికరం తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ప్రస్తుతం నా దగ్గర లేదు. నాకు తెలిసినంతవరకు వాడేవాళ్ళెవరూ లేరు. అంతే ఉంది.'

వాడేవాళ్ళెవరూ లేరన్న మాట ఆ పలకమీదే చుక్కలై లేచింది. అత్తయ్య దానిమీద వేలు నడిపి చివరికి వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు బాధ్యుడు ఇంకెవరో అయి ఉంటాడేమో అని ఒక పిచ్చి ఆశ పడింది. ముందుగదిలో కుట్టుమిషన్ ఆగింది.

"ఏమైంది?" అన్నాడు భర్త గుమ్మంలోకొచ్చి.

"ఏం లేదు. అన్నయ్యతో మాట్లాడాలి," అంది.

అన్నయ్య ఫోన్ మర్నాడు గానీ ఎత్తలేదు.

"ఏమ్మా, బాగున్నావా?" అన్నాడు, ఎప్పటిలాగే.

"పలక పనిచేయడం లేదన్నయ్యా."

"ఆఁ, చూశావా? నీకు చెబుదామనే అనుకుంటున్నాను."

"వాడేవాళ్ళెవరూ లేరని రాశావట."

"అది మామూలుగా రాసే మాటమ్మా. అలా రాయకపోతే తీయనివ్వరు."

"మరి నేను?"

"నువ్వు ఒక్కదానివి. ఒక్కరికోసం ఎన్నాళ్ళని మొయ్యను, నువ్వే చెప్పు. కెర్నెల్ మారినప్పుడల్లా దీన్నీ సరిచేస్తూ కూర్చోవాలి. ఇప్పుడు నేను చేరిన కంపెనీ కొత్త రకం పలకలు చేస్తోంది. పాతవాటి పని పెట్టుకోవద్దని ముందే చెప్పారు. కావాలంటే నీకు ఒకటి తక్కువలో ఇప్పిస్తాను."

"నావల్ల కాదని ముందు ఒక్క మాట అంటే ఇంకెవరినైనా బతిమాలుకునేదాన్ని కదా."

"అంటే నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"సరే. టీచరమ్మ పలక పంపించెయ్," అంది.

"అదా? అది మొదటి ఏడాదే పాడైపోయిందమ్మా. సగం చుక్కలు లేవడం మానేశాయి. ఇల్లు మారినప్పుడు చెత్తతో పాటు పోయింది."

"పలక లేకుండా ఇన్నేళ్ళు ఎలా పరీక్షించావు?"

"నువ్వు చూసి చెప్పేదానివిగా."

"లిస్టులో ఎవరి పేరు పెట్టావు?"

అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు వినిపించింది. "అక్కడ పేర్లు ఎవరు చూస్తారమ్మా," అన్నాడు చివరికి.

ఫోన్ పెట్టేశాక అత్తయ్య వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. డ్రైవర్ తీసేసినందుకు కాదు ఆవిడ కడుపు మండింది. మొయ్యలేక దించేసుకున్నవాణ్ణి ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఆదివారాలన్నీ తాను తడిమిన చుక్కల్ని ఆయన తన పేరుమీద రాసుకున్నాడు. లిస్టువాళ్ళు కరుస్తారని తనని గుమ్మం దాటనివ్వకుండా ఉంచి, అలా వచ్చిన పేరుతోనే పెద్దమనిషి అయ్యాడు. అవసరం తీరాక అసలు ఆ గుమ్మం వెనక ఎవరూ లేరని చెప్పేశాడు. టీచరమ్మ వేలికి అరిగిన ఆ మీట ఏ చెత్తకుప్పలో ఉందో అనుకుంటే మాత్రం ఆవిడకి దుఃఖం ఆగలేదు. భర్త గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ చెప్పిందంతా విన్నాడు. నేను అప్పుడే చెప్పానని ఒక్క మాట అనలేదు. ఆ ఒక్కందుకే ఆయనకి వెయ్యి దండాలు పెట్టాలి.

ప్రెస్‌లో కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ ఆయన మంచివాడే. "అన్నీ కొత్త కెర్నెల్‌కి మార్చమని పైనుంచి ఒత్తిడండీ. పాతదానికి ఇక భద్రతా సవరణలు రావు. మీ ఒక్క మెషిన్ వదిలేస్తానంటే నా మెడకి చుట్టుకుంటుంది," అన్నాడు. కొత్త పలక కొనిపించమంటే మేనేజర్ దాని ఖరీదు విని నవ్వేసి ఊరుకున్నాడు. తెర మీదిది చదివి వినిపించే గొంతు ఒకటి ఉంది కదా, దానితో కానివ్వండి అన్నారు. అత్తయ్య ఆ ప్రయత్నమూ చేసింది. కథల పుస్తకమైతే ఆ గొంతు చాలు. జవాబుల పేజీలో అంకెలు ఒకదాని వెంట ఒకటి చెవిలో పోస్తుంటే ఏ చుక్క ఎక్కడిదో పట్టుకునేలోపు పేజీ అయిపోయేది. దిద్దిన మొదటి పుస్తకంలోనే తప్పు బయటపడింది. మేనేజర్ కోప్పడలేదు. "కొన్నాళ్ళు ముందు హాల్లో ఫోన్ దగ్గర కూర్చోండమ్మా. శ్రమ లేని పని," అన్నాడు.

శ్రమ లేని పనే. ఫోన్ మోగితే ఎత్తి, ఎవరు కావాలో అడిగి, కలపడం. అత్తయ్యకి ప్రాణం ఉసూరుమంది. లెక్కల పుస్తకాలు ఇంకో ఆయన బల్లకి వెళ్ళిపోయాయి. ఆ కిటికీ లేని గదిలో కాగితాల కట్టలు పెట్టారు. ఇది కొన్నాళ్ళు కాదని, ఆ డ్రైవర్ తిరిగి రాకపోతే తన ఉద్యోగం ఈ ఫోన్ దగ్గరే తెల్లారిపోతుందని ఆవిడకి అర్థమైంది.

వారం తిరిగేసరికి అత్తయ్య ధైర్యం చేసి లిస్టుకి రాసింది. అంత కబుర్ల మనిషికీ నాలుగు వాక్యాలు రాయడానికి సాయంత్రమంతా పట్టింది. భర్త మెడలో టేపు వేసుకుని పక్కనే స్టూలుమీద కూర్చున్నాడు. 'ఈ పలక నేను రోజూ వాడతాను. నాకు చూపు లేదు, నా ఉద్యోగం దీనిమీదే నడుస్తుంది. ఎవరూ వాడటం లేదన్నది నిజం కాదు. దయచేసి డ్రైవర్ తిరిగి పెట్టండి.' ఇక పీకి పందిరేస్తారు అని కాచుకుని కూర్చుంది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ విభాగం మార్పులన్నీ ఆమోదించే పెద్దాయన మర్నాడే జవాబిచ్చాడు. 'మీరు ఉన్నారని మాకు తెలియదు. మన్నించండి. ఒక్కరు వాడుతున్నా మేము తీసేవాళ్ళం కాదు. ఇన్నేళ్ళుగా మాకెందుకు రాయలేదు?'

ఆ ఆఖరి ప్రశ్న అత్తయ్యకి చెంపదెబ్బలా తగిలింది. భయపడాల్సినవాళ్ళు ఎవరూ అక్కడ లేరు. 'రాశాను. ప్రతిసారీ పరీక్షించి బాధ్యుడికి రాశాను. ఆయన మీకు చెప్తారనుకున్నాను,' అని జవాబిచ్చింది.

పెద్దాయన అందరిముందూ అన్నయ్యని అడిగాడు, ఈవిడ మీకు తెలుసా అని. అత్తయ్య ఆ జవాబు కోసం ప్రెస్ నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా మెషిన్ ముందు కూర్చుంది. అంత జరిగినా, పదిమందిలో అడిగితే నిజం చెప్తాడనే ఆవిడ నమ్మకం. ఎంతైనా అన్నయ్య కదా.

'ఈవిడ ఎవరో నాకు సరిగ్గా గుర్తు లేదు,' అని రాశాడాయన. 'ఎప్పుడో ఒకటి రెండు ఉత్తరాలు వచ్చి ఉండొచ్చు. పరీక్షలన్నీ నేనే చేశాను.'

మీటల చప్పుడు ఆగేసరికి భర్త లోపలికొచ్చాడు. అత్తయ్య ఆ వాక్యాలు పైకి చదివింది.

"వాడి ఉత్తరాలన్నీ నీ దగ్గరున్నాయిగా," అన్నాడు భర్త. ఆయనకి అంత కోపం రావడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. "తీసి అందరిముందూ పడెయ్. ఒళ్ళు జాగ్రత్త అన్నదీ పడెయ్. మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూద్దాం."

అత్తయ్యకీ అదే అనిపించింది. ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చింది కూడా. ఈలోపు పెద్దాయన మళ్ళీ రాశాడు. 'ఎవరు ఏం చేశారన్న తగవు ఇక్కడ వద్దు. తగవైతే ఈ చర్చ ఇంతటితో మూసేస్తాను. డ్రైవర్ బాధ్యత తీసుకునేవాళ్ళు ఒకరు, పలకతో పరీక్షించేవాళ్ళు ఒకరు కావాలి. ఇద్దరూ దొరికితే వచ్చే రిలీజ్‌లో తిరిగి పెడతాం.'

దాని కిందే నసగాడు రాశాడు. 'నాకు పలక లేదు, బ్రెయిలీ రాదు. కాని కోడ్ చూసుకోగలను. అత్తయ్య చూసి చెప్తే నేను సరిచేస్తాను. పరీక్ష మాత్రం ఆవిడ పేరుమీదే పడాలి.'

అత్తయ్య చేర్చిపెట్టిన ఉత్తరాలు పంపలేదు. భర్త రెండు రోజులు ముభావంగా తిరిగాడు. "ఊరుకుంటే నీదే తప్పన్నట్టు ఉంటుంది," అన్నాడు.

"పంపిస్తే ఆయన పరువు పోతుంది. నాకు చుక్కలు లేస్తాయా?" అంది అత్తయ్య. "నాకు పలక కావాలి. ఇది కూడా మింగుతాను."

మింగడం మాటలంత తేలిక కాదు. హాల్లో ఫోన్ మోగిన ప్రతిసారీ, ఎవరు కావాలండీ అని తియ్యగా అడిగిన ప్రతిసారీ, ఆ వాక్యం ఆవిడ నాలుక మీదికొచ్చేది. గుర్తు లేదట. ఏడ్చినప్పుడు ఊరుకోబెట్టినవాడు, చెల్లెలు లేదన్నవాడు. మర్చిపోవడం నిజమైనా ఇంత బాధ ఉండేది కాదు. గుర్తుండే ఆ మాట రాశాడు.

నసగాడు మాత్రం పని రాక్షసుడు. సందేహం వస్తే వదిలేవాడు కాదు, చీకటిపడే వేళకి ఫోన్ చేసి, "అత్తయ్యా, ఏడో గడిలో పై చుక్క లేచిందా, కింది చుక్క లేచిందా?" అని ప్రాణం తీసేవాడు. ఆవిడ కసిరేది, మళ్ళీ చెప్పేది. వాడిని తమ్ముడూ అని పిలవాలని ఒకసారి నోటిదాకా వచ్చింది. పిలవలేదు. ఆ పిలుపులంటేనే ఆవిడకి భయం పట్టుకుంది.

తర్వాతి రిలీజ్‌లో డ్రైవర్ తిరిగి వచ్చింది. ఫోరం అంతా టచ్‌ప్యాడ్లూ స్పీకర్లూ మానేసి అత్తయ్య పలక వచ్చిందని పండగ చేసుకుంది. పెద్దాయన ప్రకటనలో నసగాడి పేరు రాశాడు, అత్తయ్య పేరు రాశాడు. ఆఖర్న మర్యాదకి ఇంకో వాక్యం చేర్చాడు. 'ఇన్నేళ్ళూ ప్రతి రిలీజ్‌నీ విడవకుండా స్వయంగా పరీక్షించిన పాత బాధ్యుడికి మా కృతజ్ఞతలు.' దానికింద బోలెడుమంది చప్పట్లు పెట్టారు. అత్తయ్య దాన్ని అందరిలాగే చదివింది, తన పలకమీదే. ప్రెస్‌లో సిస్టమ్స్ ఆయన స్వయంగా వచ్చి మెషిన్ సర్దాడు. కాగితాల కట్టలు తీయించారు. లెక్కల పుస్తకాలు మళ్ళీ ఆవిడ బల్లమీదికొచ్చాయి.

కొన్నాళ్ళకి ఆ పైరిలీజ్ ప్రయోగం వచ్చింది. ఆదివారం పొద్దున్న, ముందుగదిలో మిషన్ నడుస్తోంది. అత్తయ్య అలవాటు ప్రకారం మీటలన్నీ నొక్కి చూసింది, చుక్కలన్నీ తడిమింది. అంతా సవ్యంగానే ఉంది. లిస్టుకి రాయడానికి ఉత్తరం తెరిచి, గబగబా టైపు చేసి, పంపేముందు సరిచూసుకుందామని పలకమీద వేళ్ళు పెట్టింది.

'అన్నయ్యా, పరీక్షించాను. పనిచేస్తోంది.'

అలా కొట్టినట్టు ఆవిడకి తెలియనే తెలియదు. ఇన్నేళ్ళ అలవాటులో చేతులు కొట్టేశాయి. ఆ మొదటి మాటమీద వేలు ఆగిపోయింది. ఇంతకుముందైతే ఈ ఉత్తరం వెళ్ళిన గంటలో ఏదో వేళాకోళం రాసేవాడు, టీ తాగావా అని అడిగేవాడు. ఆయన మీద అసహ్యం తగ్గలేదు. అయినా ఆ జవాబు కోసం తనకి బెంగగా ఉందని ఆవిడకి అప్పుడు తెలిసింది, తెలిసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆవిడ జీవితంలో ఆ మాట పిలవడానికి ఇంకొకరు లేరు, ఇక ఉండరు.

ముందుగదిలో మిషన్ ఆగింది. "మళ్ళీ ఏమైనా పాడైందా?" అని భర్త అడిగాడు.

"లేదు. పనిచేస్తోంది," అంది అత్తయ్య.

ఎడమచెయ్యి పలకమీద ఉంచి కుడిచేత్తో ఆ మాటని ఒక్కో అక్షరమే చెరిపింది. వేలి కింద చుక్కలు ఒకటొకటిగా దిగిపోయాయి. మిగతా రెండు ముక్కలూ అలాగే ఉంచి, కింద తన పూర్తి పేరు రాసి లిస్టుకి పంపించింది.